బరువు తగ్గించే సూది మందు: తిరుపతిలో నేను చూసిన రెండు క్లినిక్కులు

తిరుపతిలో బరువు తగ్గించే ఇంజక్షన్ వైద్యం కోసం నేను ఏడాది తిరగకుండానే రెండు క్లినిక్కులు చూశాను. మొదటి దానిలో అయిదు వారాలు ఉన్నాను, రెండో దానిలో తొమ్మిది నెలలుగా కొనసాగుతున్నాను. రెండు చోట్లా నాకు ఇచ్చిన మందు ఒక్కటే, దాని పేరు టిర్జెపటైడ్. మందు ఒక్కటే అయినప్పుడు క్లినిక్కుల మధ్య తేడా ఏముంటుందని మొదట్లో నేనూ అనుకున్నాను గానీ, లావుగా ఉన్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏం అడుగుతారు, ఏం చెబుతారు, ఏం చెప్పకుండా వదిలేస్తారు అన్న దాన్ని బట్టే ఈ వైద్యం మంచిచెడ్డలు చాలావరకు తేలతాయని అనుభవం మీద తెలిసింది. రెండు క్లినిక్కుల పేర్లూ రాయడం లేదు. మొదటి చోట నేను చూసిన తీరు ఆ ఒక్క చోటికే పరిమితం కాదని తర్వాత పరిచయస్తుల మాటల్లో విన్నాను కాబట్టి, పేరు కన్నా ఆ తీరును గుర్తుపట్టడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

నా వయసు నలభై ఏడు, ఎత్తు 156 సెంటీమీటర్లు. 2025 ఏప్రిల్లో నా బరువు 94 కిలోలు. ఆరేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను, మూడు నెలల షుగర్ సగటు 6.3 దగ్గర ఉంది, నేను పాఠాలు చెప్పే కాలేజీలో రెండో అంతస్తులోని తరగతికి వెళ్లాలంటే మధ్యలో ఒకసారి ఆగాల్సి వచ్చేది. మా అమ్మ షుగర్ వల్లే చివరి నాలుగేళ్లు చూపు లేకుండా గడిపింది. నేను ప్రయత్నం చేయనిదేమీ లేదు. రాత్రి అన్నం మానేశాను, కొర్రలు, అరికెలు తిన్నాను, తెల్లవారుజామున యూనివర్సిటీ మైదానంలో నడిచాను. రెండుసార్లు ఏడెనిమిది కిలోల చొప్పున తగ్గి, రెండుసార్లూ అంతకంటే ఎక్కువే పెరిగాను. అమెరికా కంపెనీ ఎలై లిల్లీ ఈ మందును మౌంజారో పేరుతో 2025 మార్చి 20న మన దేశంలో విడుదల చేసిందని పత్రికల్లో చదివిన నెల లోపే, పెద్ద బోర్డు చూసి మొదటి క్లినిక్కుకు వెళ్లాను.

లోపలికి అడుగుపెట్టగానే గోడ నిండా ఫోటోలు కనిపించాయి. ఒక్కో చట్రంలో ఒకే మనిషివి రెండేసి ఫోటోలు. ఎడమవైపు లావుగా ఉన్నప్పటిది, కుడివైపు సన్నబడ్డాక తీసింది. ఎడమవైపు ఫోటోల్లో అందరూ నలిగిన బట్టల్లో, చీకటి గదిలో, తల వంచుకుని ఉన్నారు. కుడివైపు వాళ్లకి మంచి చీర, మంచి వెలుతురు, నవ్వు. ఆ గోడకు ఎదురుగా కుర్చీలు వేశారు కాబట్టి, వంతు వచ్చేదాకా ఎడమవైపు మనుషులను చూస్తూ కూర్చోవడం తప్ప మరో పని లేదు. ఆ రోజు హాల్లో పదకొండు మందిమి ఉంటే తొమ్మిది మంది ఆడవాళ్లమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో అధిక బరువు గానీ ఊబకాయం గానీ ఉన్న 15-49 ఏళ్ల స్త్రీలు 24 శాతమైతే అదే వయసు పురుషులు దాదాపు 23 శాతం. పొట్ట మగవాళ్లకూ ఉంది. కానీ దాన్ని తగ్గించుకు రమ్మని క్లినిక్కుకు పంపేది మాత్రం మనల్నే.

నా పక్క కుర్చీలో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి, ఆమె తల్లి కూర్చున్నారు. పుత్తూరు నుంచి వచ్చామని తల్లి చెప్పింది. "ఏమ్మా, ఎవరికి చూపించాల?" అని అడిగితే, "పాపకే అక్కా. సంబంధం కుదిరింది. వాళ్లేమీ అనలేదు గానీ, పాప కొంచెం తగ్గితే ఫోటోల్లో బాగుంటాదని వాళ్లత్త మాట వరసకు అనింది. పెండ్లి ఇంకా మూడు నెలలుంది" అని మెల్లగా చెప్పింది. ఆ అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. చుడిదార్ చేతులు మోచేతి దాకా ఉన్నా, వాటిని పట్టుకుని ఇంకా కిందికి లాగుతూనే ఉంది. కాసేపటికి బరువు చూసే అమ్మాయి వచ్చి, హాలు మధ్యలోనే ఉన్న మిషను మీద నిలబెట్టి, "అరవై నాలుగు" అని కౌంటరులో ఉన్నవాళ్లకు వినపడేలా చెప్పింది. అయిదడుగుల మూడంగుళాల ఎత్తుకు అరవై నాలుగు కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును లెక్కగట్టే అంకె, 25. ఈ మందును బరువు కోసం వాడాలంటే బీఎంఐ కనీసం 30 ఉండాలి, లేదా కనీసం 27 ఉండి దానికి తోడు షుగర్, బీపీ లాంటి జబ్బు ఏదైనా ఉండాలి అన్నది మందుతో వచ్చే కాగితంలో రాసి ఉన్న నిబంధన. ఆ అమ్మాయికి రెండూ లేవు. అరగంట తర్వాత వాళ్లు మందు కవరు పట్టుకునే బయటికి వచ్చారు.

ఆ రోజు నాకు ఈ నిబంధన తెలియదు, కాబట్టి నేను వాళ్లకు ఏమీ చెప్పలేకపోయాను. ఆ అమ్మాయికి అక్కడ చెప్పి ఉండాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. టిర్జెపటైడ్ వాడేటప్పుడు నోటి ద్వారా వేసుకునే గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. అందువల్ల మందు మొదలుపెట్టినప్పుడు నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు వేరే పద్ధతి పాటించాలి. గర్భం కావాలనుకుంటే మందు ముందుగానే మానేయాలి. పెళ్లి మూడు నెలల్లో పెట్టుకున్న అమ్మాయికి ఇంతకంటే ముఖ్యమైన సమాచారం ఏముంటుంది? ఎవరూ చెప్పి ఉండరని నేను అనుకోవడానికి కారణం, నన్ను కూడా వాళ్లు ఏమీ అడగకపోవడమే.

నాతో డాక్టరు మాట్లాడింది ఆరేడు నిమిషాలు. బీపీ మందు పేరు అడిగారు, మరే పరీక్షా రాయలేదు. "ఆర్నెల్లలో మిమ్మల్ని మీ పెళ్లి ఫోటోలో ఉన్నట్టు చేస్తాం మేడమ్" అన్నారు. తర్వాత కౌంటరులో మూడు నెలల ప్యాకేజీ కట్టమన్నారు. నేను నెలకే కడతానన్నాను. నడుము దాకా కనిపించేలా ఫోటో తీయించుకుంటే, ముఖం కనపడకుండా చేసి గోడ మీద పెట్టుకుంటామని, అందుకు రెండు వేలు తగ్గిస్తామని చెప్పారు. ఒప్పుకోలేదు. ఎడమవైపు ఫోటోలోని మనిషి ఎందుకు తల వంచుకుని ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది.

మందు విషయంలోనూ అంతే నిర్లక్ష్యం. అప్పట్లో అది చిన్న గాజు సీసాల్లోనే దొరికేది. 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375 రూపాయలు, వారానికి ఒకటి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాల్సిన మందు అది. ఫ్రిజ్ బయట పెట్టక తప్పకపోతే 30 డిగ్రీలు మించని చోట 21 రోజులకు మించకుండా ఉంచవచ్చు, గడ్డకడితే పారేయాలి. మా ఊళ్లో ఏప్రిల్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుందని తెలియనివారు లేరు. మధ్యాహ్నం రెండు గంటలకు నాలుగు సీసాలను మామూలు కాగితం కవరులో పెట్టి నా చేతికిచ్చారు. ఐసు ఉందా అని అడిగితే, "ఇంటికెళ్లి ఫ్రిజ్‌లో పెట్టుకోండి మేడమ్, ఏం కాదు" అన్నారు. ఆటో దొరికేలోపు ఆ కవరును చీర కొంగులో దాచుకుని చెట్టు కింద నిలబడ్డాను.

నాలుగు వారాలు 2.5 తర్వాత 5కు పెంచడం ఈ మందులో మామూలు పద్ధతే. కానీ నాకు అప్పటికే రోజంతా వికారంగా ఉంటోంది, ఆ మాట చెప్పినా వినకుండా పెంచారు. ఆ వారం రెండు రోజులు నీళ్లు తాగినా వాంతి అయ్యింది. ఫోను చేస్తే కౌంటరులో అమ్మాయి, "మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు మేడమ్" అని పెట్టేసింది. అంతటితో ఆ క్లినిక్కుకు వెళ్లడం మానేశాను.

రెండోది ఒక సీనియర్ వైద్యురాలు తన ఇంటి కింది భాగంలో నడుపుతున్న క్లినిక్కు. గోడ మీద ఒక క్యాలెండరు తప్ప ఏమీ లేదు. బరువు చూసే మిషను లోపలి గదిలో ఉంది, అంకె ఆవిడ, నేను తప్ప ఎవరూ చూడరు. ఆవిడ నలభై నిమిషాలు ప్రశ్నలే అడిగారు. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఎలుకల మీద జరిపిన పరీక్షల్లో ఇలాంటి మందులతో థైరాయిడ్ కణుతులు కనిపించినందువల్ల, మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ తమకు గానీ కుటుంబంలో గానీ ఉన్నవారికి ఈ మందు ఇవ్వకూడదు. ఎప్పుడైనా క్లోమగ్రంథి వాచిందా, పిత్తాశయంలో రాళ్లున్నాయా, కళ్ల పరీక్ష ఎప్పుడు చేయించుకున్నాను, కడుపు నొప్పి వెన్నులోకి పాకినట్టు ఎప్పుడైనా అనిపించిందా అని వరసగా అడిగారు. టేపు తీసి నడుము కొలిచారు. మన వాళ్లకు కొవ్వు పొట్ట చుట్టూనే పేరుకుంటుంది కాబట్టి బరువు కన్నా ఈ కొలత ముఖ్యమని, స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 దాటితే జాగ్రత్త పడాలని వివరించారు. రక్త పరీక్షలు వచ్చాక మళ్లీ 2.5 తోనే మొదలుపెట్టి, ఒంటికి అలవాటయ్యే దాకా రెండు నెలలు పెంచలేదు.

ఆవిడ ఏదీ దాచలేదు. "ఇది ఆర్నెల్ల కోర్సు కాదమ్మా. బీపీ మాత్ర ఆపితే బీపీ ఎట్లా పెరుగుతుందో, ఇది ఆపితే బరువు అట్లాగే తిరిగొస్తుంది. అది తెలిసే మొదలుపెట్టు" అన్నారు. ఇదే కోవకు చెందిన సెమాగ్లుటైడ్ మీద జరిగిన ఒక పెద్ద పరిశోధనలో, మందు ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. టిర్జెపటైడ్ విషయానికొస్తే 72 వారాల పరిశోధనలో 5 మిల్లీగ్రాముల డోసు మీద సగటున 15 శాతం, 15 మిల్లీగ్రాముల మీద దాదాపు 21 శాతం బరువు తగ్గింది. ఆ తగ్గేదంతా కొవ్వే కాదు, కొంత కండ కూడా పోతుంది. అందుకే ఆవిడ ప్రతి నెలా నన్ను చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోమంటారు. ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేవగలిగానో బరువు పక్కనే రాస్తారు. జూన్‌లో తొమ్మిది, ఇప్పుడు పదిహేను. తిండి చీటీ కూడా మన వంటింట్లోంచే రాశారు. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం సంగటి అరముద్ద, దానిలోకి పప్పో ఉలవకట్టో కోడికూరో ధారాళంగా, సాయంత్రం ఉడికించిన శనగలు. ఆకలి లేకపోయినా మాంసకృత్తులు మాత్రం తగ్గించవద్దన్నది ఆవిడ గట్టిగా చెప్పే మాట.

ఈ మందు ఒంట్లో ఏం చేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే లావుగా ఉన్నవాళ్ల గురించి మనం మాట్లాడే మాటలన్నీ దీని దగ్గరే ముడిపడి ఉన్నాయి. తిన్నప్పుడు మన పేగుల్లోంచి జీఎల్‌పీ-1, జీఐపీ అనే హార్మోన్లు వెలువడి, ఇక చాలని మెదడుకు కబురు పంపుతాయి. టిర్జెపటైడ్ ఆ రెండింటిలాగా పనిచేస్తుంది. పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది, ఆకలి అణుగుతుంది. సాయంత్రం నాలుగున్నరకు కాలేజీ నుంచి ఇంటికి వచ్చి చెప్పులు విప్పేలోపే నా మనసు వంటింటి అలమరలోని మురుకుల డబ్బా మీదికి పోయేది. తినకుండా నిగ్రహించుకున్నా, రాత్రి పడుకునే దాకా ఆ డబ్బా బుర్రలోంచి కదిలేది కాదు. మందు మొదలైన ఏడో వారంలో ఒకరోజు కాఫీ కలుపుకుని, పేపరు దిద్దుకుంటూ కూర్చుని, ఏడు గంటలకు లేచాక గానీ ఆ డబ్బా సంగతే గుర్తు రాలేదు. నేను అక్కడే నిలబడి చాలాసేపు ఏడ్చాను. ముప్పై ఏళ్లుగా నాకు నోటి మీద అదుపు లేదని అందరూ అంటే నిజమేననుకున్నాను. సన్నగా ఉన్న మా చెల్లెలికి ఆ డబ్బా ఎప్పుడూ అలాగే గుర్తుకు రాదని, ఆమెది నిగ్రహం కాదని, ఆమె ఒంటి తీరే అంతని అప్పుడు తెలిసింది.

ఇక మందు వాడుతున్నానని తెలిశాక జనం తీరు ఎలా ఉందో చెబుతాను. మూడు నెలల దాకా నేనూ ఎవరికీ చెప్పలేదు. బరువు తగ్గడం కనపడగానే మా పిన్ని, "ఏమే, షుగరొచ్చిందా? మొగం పీక్కుపోయిందే" అని కంగారుపడింది. మా ప్రాంతంలో మనిషి చిక్కితే మొదటి అనుమానం జబ్బు మీదికే పోతుంది. అదే పిన్ని అంతకుముందు ఏ పెళ్లిలో కలిసినా, "ఒళ్లు కొంచెం తగ్గించుకోవే" అనకుండా వదిలేది కాదు. స్టాఫ్ రూములో ఇంజక్షన్ సంగతి చెప్పిన రోజు, ఒక సహోద్యోగి "సూది వేసుకుని తగ్గితే అందులో గొప్పేముంది మేడమ్, కష్టపడి తగ్గాల" అన్నారు. ఆయన పదేళ్లుగా కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నారు. ఆ మాత్రను ఎవరూ దొడ్డిదారి అనలేదు, అనకూడదు కూడా. లావుతనాన్ని మాత్రం మనం జబ్బుగా కాక నడవడికలోని లోపంగా చూస్తాం. లోపానికి శిక్ష ఉండాలి గానీ మందు ఉండకూడదన్న భావన ఆ మాట వెనక ఉంది. అదే వారంలో ఆ స్టాఫ్ రూములోంచే ముగ్గురు ఒక్కొక్కరుగా నా దగ్గరికి వచ్చి, తలుపు దగ్గరకు వేసి, మందు పేరు రాసిమ్మన్నారు.

మెచ్చుకోలు కూడా కొన్నిసార్లు బాధపెడుతుంది. "ఇప్పుడు చూడ్డానికి బాగున్నారు" అన్నప్పుడల్లా, 94 కిలోలతో ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి గుర్తొస్తుంది. ఆవిడను నేను గోడ మీద ఎడమవైపు పెట్టలేను.

ఇబ్బందులు నాకూ ఉన్నాయి. మలబద్ధకం మొదటి నుంచీ ఉంది. నూనె తేలే కూర తింటే ఇప్పటికీ వికారమే. నవంబరులో బంధువుల పెళ్లిలో నాలుగు ముద్దలకే చేయి కడుక్కుంటే, వడ్డించే పెద్దాయన "ఏమ్మా, మా వంట నచ్చలేదా" అని నొచ్చుకున్నారు. విస్తరి ముందు వద్దనడం మన దగ్గర ఎదుటివారిని అవమానించినట్టే అవుతుంది, దానికి నాకింకా సరైన జవాబు దొరకలేదు. ఇప్పుడు నా బరువు 82 కిలోలు, షుగర్ సగటు 5.6. డిసెంబరులో శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కాను. ఏడుసార్లు కూర్చున్నాను గానీ, మోకాలు పట్టుకోవాల్సిన అవసరం ఒక్కసారే వచ్చింది. పన్నెండేళ్లుగా బస్సులోనే కొండ ఎక్కుతూ వాయిదా వేసిన మొక్కు అది.

ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. 5 మిల్లీగ్రాముల డోసుకు 2025లో మందు విడుదలైనప్పటి ధర ప్రకారం నెలకు 17,500 రూపాయలు అయ్యేది. జీతంలో అంత భాగం దీనికే పెట్టగలిగిన వాళ్లు మా ఊళ్లో ఎంతమంది ఉంటారు? నోవో నార్డిస్క్ అనే కంపెనీ ఇలాంటిదే అయిన తన వెగోవీ సూది మందు ధరను 2025 నవంబరులో తగ్గించింది. దానిలోని సెమాగ్లుటైడ్ మీద మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి వరకే, ఆ తర్వాత మన కంపెనీలు కూడా తయారుచేయవచ్చు కాబట్టి ధర బాగా దిగే వీలుంది. అది నిజంగా అవసరమున్న వారికి మేలే. అయితే చవకైన కొద్దీ మొదటి క్లినిక్కు లాంటివి వీధికొకటి వెలుస్తాయని, ఆ పుత్తూరు అమ్మాయి లాంటి వాళ్లు ఇంకా ఎక్కువమంది ఆ కుర్చీల్లో కూర్చుంటారని నాకు నిజంగా భయంగా ఉంది. వెళ్లేవారు కనీసం థైరాయిడ్ క్యాన్సర్ గురించి, క్లోమగ్రంథి గురించి, గర్భం గురించి తమను అడిగారో లేదో చూసుకోండి. అడగకుండానే మందు చీటీ రాస్తే డబ్బు కట్టకుండా లేచి రండి. ఏదైనా ఆపరేషను చేయించుకోవాల్సి వస్తే, పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి, ఈ మందు వాడుతున్న సంగతి మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

రెండో క్లినిక్కులో లోపాలు లేవని కాదు. వారానికి మూడు సాయంత్రాలే తెరుస్తారు, ముందుగా పేరు రాయించుకున్నా రెండు గంటలు కూర్చోక తప్పదు, బండి పెట్టుకోవడానికి చోటు లేదు, వికారం ఎక్కువై రాత్రి పూట ఫోను చేస్తే తీసేవారు లేరు. ఈ చివరిది సరిదిద్దుకోవాలని నేను ఆవిడతో ముఖాముఖి చెప్పాను, ఒక నర్సు నంబరు ఏర్పాటు చేస్తానన్నారు, ఇంకా చేయలేదు. చూపించుకోవడానికి 500 రూపాయలు, పదిహేను రోజుల్లో మళ్లీ వెళితే తీసుకోరు. మందును థర్మోకోల్ డబ్బాలో గడ్డకట్టిన జెల్ ప్యాకెట్టు పెట్టి, మందుకూ దానికీ మధ్య మడిచిన గుడ్డ వేసి ఇస్తారు. తర్వాతి నెల ఆ డబ్బా తిరిగి తీసుకెళితే ప్యాకెట్టు మార్చి ఇస్తారు.